మూసీ ముంచిన ఊరికి నక్ష

1908 సెప్టెంబరు 27, ఆదివారం. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. హైదరాబాదుకు ఎగువన శంషాబాదు వైపు పల్లెల్లో వాన పట్టుకుంది. పట్టుకున్న వాన విడవలేదు. శంషాబాదులో ఇరవై నాలుగు గంటల్లో 12.8 అంగుళాలు కురిసిందని తర్వాత లెక్క తేలింది. ఆ రాత్రి ఎవరికీ లెక్కలు తెలియవు. కప్పు మీద ఎడతెగని మోత, వాకిట్లో నీళ్లు, చెరువు కట్ట ఏమైపోతుందోనని గుండెలు అరచేతిలో పెట్టుకున్న జనం.

మూసీ పెద్ద నదేమీ కాదు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. ఏడాదిలో చాలా రోజులు ఇసుక మధ్య సన్నగా పారుతుంది. నగరాన్ని రెండుగా చీల్చుకుంటూ వెళ్లి నల్లగొండ సీమలో, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అయితే నగరానికి ఎగువన దానికి నీళ్లు అందించే నేల 862 చదరపు మైళ్లు. ఆ నేల మీద 788 చెరువులున్నాయి. అంటే దాదాపు చదరపు మైలుకొకటి. తెలంగాణ చెరువు ఎప్పుడూ ఒంటరిది కాదు. పై ఊరి చెరువు అలుగు దూకితే కింది ఊరి చెరువు నిండుతుంది, అది నిండితే ఆ దిగువది. తరతరాలుగా పంటలు పండించిన ఆ ఏర్పాటే ఆ రాత్రి ఊళ్లను ముంచే దారి అయింది. పైన ఒక కట్టకు గండి పడగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడ్డాయి. అది తెగి, దాని కిందిది తెగి, దాని కిందిదీ తెగి, మొత్తం 221 చెరువులు తెగిపోయాయి. వాన నీళ్లతో పాటు చెరువుల నీళ్లు కూడా నగరం మీదికి బయలుదేరాయి.

సోమవారం తెల్లవారేసరికి మూసీ ఒడ్డున ఎవరి ఇల్లు ఎక్కడుందో చెప్పలేని పరిస్థితి. నది మీద అప్పటికి నాలుగు వంతెనలున్నాయి. కుతుబ్ షాహీల కాలంలో 1578లో కట్టిన పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. అఫ్జల్ పూల్, ముసల్లం జంగ్ పూల్, చాదర్‌ఘాట్ పూల్ కొట్టుకుపోయాయి. ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, దాని చుట్టూ ఉన్న బస్తీలు నీళ్ల పాలయ్యాయి. దక్షిణపు ఒడ్డున నగర ప్రాకారం అడ్డుగా ఉంది కదా అని లోపలి జనం ధైర్యంగా ఉన్నారు. నీళ్లు ఆ గోడను దాటాయి, కొన్ని చోట్ల గోడనే పడగొట్టాయి. లోపలికి వచ్చిన నీళ్లకు తిరిగి బయటికి పోయే దారి లేక ఆ గోడే వాటిని ఇళ్ల మీద ఆపి పెట్టింది.

వందల మంది పేట్లబురుజు మీదికి ఎక్కారు. కోట బురుజు, రాతి కట్టడం, నిలబడుతుందనుకున్నారు. నిలబడలేదు. ఎక్కినవాళ్లతో సహా పోయింది. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు నిలబడింది. దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారని నగరం ఈనాటికీ చెప్పుకుంటుంది. ఆ చెట్టు తర్వాత వచ్చిన ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఏటా సెప్టెంబరు 28న కొందరు అక్కడికి వెళ్లి పోయినవాళ్లను తలుచుకుంటారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ నీళ్లలో పోగొట్టుకున్నాడు. తాను మిగిలాడు. ఆయన రుబాయీలను తలుచుకునే ప్రతివాడికీ ఆ రోజు కూడా గుర్తొస్తుంది.

పోయిన ప్రాణాలు పదిహేను వేలని అంచనా. కూలిన ఇళ్లు 19 వేలు. నిలువ నీడ లేకుండా పోయినవాళ్లు 80 వేలు. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన పురానీ హవేలీ తలుపులు జనానికి తెరిపించాడు. పంచె కట్టుకుని నది ఒడ్డుకు వచ్చి, పసుపు కుంకుమలు, చీర సమర్పించి, శాంతించు తల్లీ అని మూసీకి హారతి ఇచ్చాడని పాతబస్తీలో ముసలివాళ్లు చెబుతారు. అది జరిగినట్టే జరిగిందా, జనం అభిమానంతో కలిపి చెప్పుకున్నారా అన్నది నేను తేల్చను. ఆ కథను హిందువులూ ముస్లింలూ ఒకే గొంతుతో చెబుతారన్నది మాత్రం నాకు ముఖ్యం. సరోజినీ నాయుడు కూడా ఆ రోజుల్లో వరద బాధితుల సేవకు పూనుకుంది.

హారతి సంగతి ఎలా ఉన్నా, సర్కారుకు ఇంకో పని మిగిలింది. ఇంత నీరు ఎక్కడి నుంచి వచ్చింది, మళ్లీ వస్తే ఏం చేయాలి? ఆ ప్రశ్న అడగడానికి ఒక మనిషి కావాలి. ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య అప్పుడు బొంబాయి ప్రభుత్వ కొలువు చాలించుకుని యూరప్ పర్యటనలో ఉన్నారు. హైదరాబాదు సర్కారు పిలుపు అక్కడికే వెళ్లింది. ఆయన వచ్చి 1909 ఏప్రిల్ 15న పనిలో చేరారు. వరద వెళ్లి ఆరు నెలలు దాటింది. నదిలో నీళ్లు లేవు, ఎండలు మండుతున్నాయి. అయినా వరదను కొలవాలి.

పోయిన వరదను ఎలా కొలుస్తారు? గోడల మీద, వంతెన స్తంభాల మీద, చెట్ల బెరడు మీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే మరకలుంటాయి. ఆ మరకల ఎత్తులు తీసుకుంటారు. నది అడ్డకొలత, వాలు తీసుకుంటారు. ఆ వెడల్పులో ఆ లోతున ఆ వాలు మీద నీళ్లు ఎంత వేగంగా పోయి ఉంటాయో లెక్క కడతారు. అలా లెక్క కట్టగా ఉధృతి తారస్థాయిలో ఉన్నప్పుడు సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు హైదరాబాదు గుండా పోయిందని తేలింది. ఆ అంకె చూశాక విశ్వేశ్వరయ్యకు ఒక విషయం స్పష్టమైంది. నగరం లోపల గోడలు కట్టి అంత నీటిని ఆపడం కాని పని. నగరానికి పైనే పట్టి ఉంచాలి. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టి, వరద వచ్చినప్పుడు నది మోయగలిగినంతే కిందికి వదలాలి. గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920కి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. పథకం వేసింది విశ్వేశ్వరయ్య అయినా కట్టించింది మహబూబ్ అలీ ఖాన్ కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1911 ఆగస్టులో తండ్రి పోయాక ఆయన గద్దె ఎక్కాడు.

ఈ రెండు చెరువుల కథ అందరికీ తెలుసు. నేను చెప్పదలుచుకున్నది వాటి నీడలో ఉండిపోయిన ఇంకో పని గురించి.

జలాశయాలు కట్టడానికి కొండల మధ్య చోటు చూసుకుంటే చాలు. నగరాన్ని బాగు చేయాలంటే నగరం తెలియాలి. మురుగు నీరు పోవడానికి భూమిలో గొట్టాలు వేయాలంటే ఏ గల్లీ ఏ గల్లీ కంటే ఎత్తో తెలియాలి, ఎందుకంటే ఆ నీళ్లను తోసేది యంత్రం కాదు, వాలు. ఒడ్డు వెంట ఖాళీ వదలాలంటే ఒడ్డు ఎక్కడో, అక్కడ ఎవరి గోడ ఉందో తెలియాలి. కొత్త రోడ్డు వేయాలంటే ఎన్ని ఇళ్లు పోతాయో తెలియాలి. మూడు వందల ఏళ్లకు పైబడ్డ నగరం అది. అలాంటి నగరానికి ఇల్లిల్లూ కొలిచి గీసిన పటం ఒకటి కావాలి. దానికి తోడు 1911లో ప్లేగు కూడా వచ్చిపడింది. ఇరుకు గల్లీల్లో, గాలి వెలుతురు లేని ఇళ్లలో అది పాకింది. నది ఒకసారి చంపితే ఇరుకు ఏటేటా చంపుతోందని సర్కారుకు అర్థమైంది. 1912లో నగర అభివృద్ధి సంస్థ ఏర్పడింది. జనం దాన్ని ఆరాయిషె బల్దా అన్నారు.

నగరాన్ని కొలిచే పని లియొనార్డ్ మన్ చేతికి వచ్చింది. ఆయన గని ఇంజినీరు. రాయచూరు సీమలో బంగారం కోసం భూమిని తవ్వి చూసినవాడు. ఆ ప్రాంతంలో ప్రాచీనులు తవ్వి వదిలేసిన గనుల గురించి, రాక్షసగుళ్లనే ప్రాచీన రాతి సమాధుల గురించి తర్వాత పరిశోధన వ్యాసం కూడా రాశాడు. గనిలో కొలత అడుగు తప్పితే ఒక సొరంగం వెళ్లి నీళ్లున్న ఇంకో సొరంగంలో తగులుతుంది, మనుషులు పోతారు. అలాంటి చోట చేయి తిరిగినవాడికి హైదరాబాదు గల్లీలు అప్పగించడం సరైన ఎంపిక అని నాకనిపిస్తుంది. ఆయన నడిపించిన పురపాలక సర్వే 1915 కల్లా పూర్తయింది. అందులో గీసిన పటాలను ఇప్పుడు పరిశోధకులు మన్ పటాలు అంటారు.

ఆ పటాల కొలత చెబితే గాని పని ఎంతటిదో తెలియదు. నేల మీద యాభై అడుగులు, కాగితం మీద ఒక అంగుళం. అంటే ఒక చదరపు మైలు నగరాన్ని గీయాలంటే నిలువునా అడ్డంగా దాదాపు తొమ్మిదేసి అడుగుల కాగితం కావాలి. ఒక్క కాగితం మీద నగరం పట్టదు. అందుకే ముక్కలు ముక్కలుగా, షీటు తర్వాత షీటుగా గీశారు. పది అడుగుల గల్లీ అందులో అంగుళంలో ఐదో వంతు వెడల్పు వస్తుంది. పన్నెండడుగుల బావి పావంగుళం గుండ్రం అవుతుంది. రెండడుగుల మందం మట్టి గోడ మిల్లీమీటరు గీత. ఆ కొలతలో ఇంటి హద్దు కాస్త వంకర పోతే ఆ వంకర కూడా పటం మీద కనిపిస్తుంది. బస్తీ అని ఒక మచ్చ వేసి దాని మీద పేరు రాసి పోవడానికి వీల్లేదు. గోడ గోడ దగ్గరికీ వెళ్లాల్సిందే.

ఇక్కడి నుంచి కొంత దూరం నా ఊహ. ఆ రోజుల్లో సర్వే ఎలా జరిగేదో తెలుసు, ఆ వీధులు ఎలా ఉండేవో పటమే చెబుతుంది. మధ్యలో మనుషుల మాటలు మాత్రం నేను పెట్టినవి.

అఫ్జల్‌గంజ్ వెనక, నదికి దగ్గరలో ఒక గల్లీ. పొద్దున్నే ఎండ గోడల మీదికి దిగకముందే నలుగురు వచ్చారు. ఒకడి భుజాన ఇనుప గొలుసు. నూరడుగులుంటుంది, పదడుగులకొక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. ఒకడి చేతిలో ఎర్రా తెల్లా పట్టీలు వేసిన వెదురు బద్దలు. వాళ్లను ఖలాసీలంటారు. వాళ్ల వెనక సర్వేయరు, చంకలో ఫీల్డు బుక్కు, చెవిలో పెన్సిలు. పెద్ద వీధిలో థియొడొలైటు పెట్టి కోణాలు తీసిన మనిషి నిన్ననే ఈ గల్లీ మొదట ఒక మేకు, చివర ఒక మేకు కొట్టించి పోయాడు. ఇప్పుడు ఆ రెండు మేకుల మధ్య గొలుసు తిన్నగా పరుస్తారు. గొలుసు నుంచి కుడి ఎడమలకు ప్రతి గోడ మూలకు, ప్రతి గుమ్మానికి, ప్రతి అరుగుకు అడ్డకొలత తీస్తారు. ఆ అడ్డకొలతను ఆఫ్‌సెట్ అంటారు. ఖలాసీ అంకె అరుస్తాడు, సర్వేయరు పుస్తకంలో రాస్తాడు. పుస్తకం నడుమ నిలువుగా రెండు ఎర్ర గీతలు, అదే గొలుసు. కుడి పక్క ఇళ్లు కుడి వైపు, ఎడమ పక్క ఇళ్లు ఎడమ వైపు. కింది నుంచి పైకి రాస్తారు, ఎందుకంటే నడిచేది ముందుకే.

గల్లీ సగంలో ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. ముసలామె బయటికి వచ్చి గొలుసును చూసింది.

“ఏంది బిడ్డా, పొద్దుగాల్నే గొలుసులు పట్కొని తిరుగుతున్నరు?”

“సర్కారు నక్ష తీస్తున్నది అవ్వా. మీ ఇల్లు గూడ ఎక్కిస్తున్నం.”

“ఇల్లేడున్నది? మొన్న నదొచ్చి తీస్కపాయె. గీ గోడ మా కొడుకు మళ్ల పెట్టిండు.”

“ఉన్న కాడికి రాస్తం అవ్వా. లోపట బావి ఉన్నదా?”

“ఉన్నది. మా కోడలు లోపట ఉన్నది, జర నిలవడుండ్రి, చెప్పొస్త.”

లోపల కోడలు గదిలోకి తప్పుకునే దాకా గడపలో నిలబడ్డారు. పరదా పాటించే ఇళ్లలో అయితే ఇంకా కష్టం. ముందు రోజే కబురు పంపాలి, పెద్ద మనిషి ఒప్పుకోవాలి, పిల్లవాడొకడు తోడు రావాలి. అలా ప్రతి ఇంటి ముంగిట్లో అడిగి, ఆగి, లోపలికి పోయి గొలుసు మూల నుంచి బావి ఒరదాకా కొలిచారు. బావికి ఆనవాలుగా పుస్తకంలో చిన్న గుండ్రం. సర్వేయరు తిరిగి వస్తుంటే ముసలామె గోడలో దీపం పెట్టే గూడు చూపించింది.

“గీ గూడు మునిగింది బిడ్డా. గింత దాక వచ్చినయ్ నీళ్లు. గది గూడ రాస్కో.”

అతడు గూటి వైపు చూశాడు. అతడి పుస్తకంలో గోడలకు చోటుంది, బావులకు చోటుంది. ఆ మాటకు గడి లేదు. అయినా పెన్సిలుతో అంచున ఏదో రాసుకున్నాడు.

ఆ సాయంత్రం అంకెలన్నీ గుడారంలో బల్ల మీదికి వచ్చాయి. నడిచిన దారి తిరిగి బయలుదేరిన మేకు దగ్గరికే చేరాలి. కాగితం మీద అలా చేరకపోతే ఎక్కడో ఒక కొలత తప్పిందన్నమాట. రేపు మళ్లీ అదే గల్లీకి వెళ్లాలి. ఎండలో ఇనుము సాగుతుంది, గొలుసు లంకెలు అరుగుతాయి, ఖలాసీ గొలుసును బిగించకుండా వదులుగా పట్టుకుంటే అడుగు ఎక్కువ వస్తుంది. ఇవన్నీ సరిచూసుకుని, సరిపోయాకే సిరా గీత పడుతుంది.

ఊహ అయిపోయింది. కాగితం మీద ఉన్నది మాత్రం నిజం. మన్ షీట్ల నకలు ఒకటి ముందు పెట్టుకుని చూస్తే మొదట కళ్లకు పట్టేది గోడలు. గోడల లోపల వాకిళ్లు, వాకిళ్లలో బావులు. మసీదులు, గుళ్లు, సమాధులు, తోటలు. నవాబుల పెద్ద భవనాలైన దేవిడీల చుట్టూ ఆనుకుని చిన్న చిన్న గదుల వరసలు, కొలువువాళ్లు ఉన్నవి. నవాబు ఇల్లూ నౌకరు గుడిసే ఒకే కొలతలో, ఒకే గీతతో ఉన్నాయి. యాభై అడుగులకు అంగుళమన్న నియమం ముందు హోదా పనికిరాలేదు. నగర చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా నవాబుల పేర్లు రాశారు. బేగంబజారు వెనక ఒక కూలివాడి గుడిసె ఎన్ని అడుగులుండేదో తెలుసుకోవాలంటే ఈ పటం దగ్గరికే రావాలి.

పటం మీద మన్ పేరుంది. గొలుసు లాగిన ఖలాసీల పేర్లు లేవు. ఎండలో గల్లీ గల్లీ తిరిగి, తలుపు తలుపు తట్టి, ఇంటింటి తిట్లూ దీవెనలూ పడ్డవాళ్లు వాళ్లు. మన్‌కు దక్కిన కీర్తిని తగ్గించనక్కర్లేదు, అందులో వీళ్ల వాటా వీళ్లకు ఇస్తే చాలు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఇల్లిల్లూ చూపించే పటం ఇల్లిల్లూ కూల్చడానికీ పనికొస్తుంది. అభివృద్ధి సంస్థ ఈ పటాలు ముందు పెట్టుకుని ఇరుకు బస్తీలు తొలగించింది, రోడ్లు వెడల్పు చేసింది. కొన్ని చోట్ల పేదలకు క్వార్టర్లు కట్టించింది, పత్తర్‌గట్టి దుకాణాల వరస నిలబెట్టింది. నది ఒడ్డున విన్సెంట్ ఎష్ గీసిన నమూనాలతో హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఒడ్డు రూపు మారిపోయింది. వెలుతురూ గాలీ వచ్చాయి, ప్లేగు తగ్గింది. కాని వరదలో ఇల్లు పోయి, మళ్లీ మట్టి గోడ పెట్టుకుని, ఆ గోడ పటంలోకి ఎక్కి, ఆ పటం ప్రకారం రెండోసారి ఇల్లు పోయినవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల ఇంటి గీత షీటు మీద ఉంది. వాళ్లు ఎటు పోయారో షీటు చెప్పదు.

మురుగునీటి పనికి విశ్వేశ్వరయ్యను 1922లో మళ్లీ పిలిపించారు. నగరం కింద గొట్టాలు పడ్డాయి. నగర ప్రాకారం మాత్రం అక్కర తీరిందని కొంచెం కొంచెంగా కూల్చేశారు. దాని దర్వాజాల్లో ఈరోజు నిలిచి ఉన్నవి దబీర్‌పురా, పురానాపూల్ రెండే. ఢిల్లీ దర్వాజా, చంపా దర్వాజా ఎక్కడుండేవో తెలుసుకోవాలంటే జనం ఇప్పుడు మన్ పటం తెరుస్తున్నారు. యువ ఆర్కిటెక్టులు ఆ షీట్లను కంప్యూటర్లో ఉపగ్రహ చిత్రం మీద పరిచి సరిపోలుస్తున్నారు. నూరేళ్ల నాటి గొలుసు కొలత నేటి చిత్రం మీద వచ్చి కూర్చుంటుంటే, ఆ ఖలాసీల చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

అలా పరిచి చూసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. పటంలో నదికి ఇసుక మేట ఉంది, ఒడ్డు ఉంది, ఒడ్డు వెంట తోటలున్నాయి. నేటి చిత్రంలో ఆ చోట్ల చాలా వరకు కప్పులు కనిపిస్తాయి. అన్నీ పేదల రేకుల కప్పులే అనుకుంటే పొరపాటు. గౌలిగూడ దగ్గర నది పాయల మధ్య సర్కారే అతి పెద్ద బస్టాండు కట్టింది. మహాత్మా గాంధీ బస్ స్టేషన్, జనం పిలిచే పేరు ఇమ్లీబన్. 2025 సెప్టెంబరు చివరి వారంలో ఎగువన వానలు కొట్టి జంట జలాశయాల గేట్లు ఎత్తితే రాత్రికి రాత్రే ఆ బస్టాండులోకి మూసీ నీళ్లు వచ్చాయి. ప్లాట్‌ఫారాల మీద చిక్కుకున్న ప్రయాణికులను తాళ్లు పట్టించి బయటికి తెచ్చారు. 1908 వరద రోజుకు రెండు రోజులు అటూ ఇటూ. దిగువన చాదర్‌ఘాట్, మూసానగర్ ఇళ్లు మునిగాయి. విశ్వేశ్వరయ్య జలాశయాలు లేకపోతే ఇంకేమయ్యేదో ఊహించలేం. అయితే ఆ జలాశయాలకు మొదట అప్పగించిన పని వరదను పట్టడం. వరదను పట్టే చెరువులో ఖాళీ ఉండాలి. తర్వాత అవి నగరానికి తాగునీళ్లయ్యాయి. తాగునీటి చెరువు నిండుగా ఉండాలి. ఈ రెండు అవసరాలూ ప్రతి వానాకాలం గేట్ల దగ్గర ఢీకొంటాయి. గేట్లు ఎత్తక తప్పని రోజు కింద నది వెడల్పు ఎంత మిగిలి ఉందన్నదే ప్రాణాలు నిలబెడుతుంది.

ఎగువన 788 చెరువుల్లో ఎన్ని చెరువులుగా మిగిలాయో కూడా అడగాలి. 1908లో కట్టలు తెగడం వల్ల ఊరు మునిగింది. ఈనాడు చెరువులే లేకపోవడం వల్ల మునుగుతోంది. వాన నీళ్లు ఆగే చోటు లేక నేరుగా నాలాలోకి, నాలా నుంచి ఇళ్లలోకి వస్తున్నాయి. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో నగరం చూసింది అదే.

2024లో మూసీ పునరుద్ధరణ పేరుతో అధికారులు చాదర్‌ఘాట్, శంకర్‌నగర్ వంటి బస్తీల్లో ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. ఇవి నది గర్భంలో ఉన్నాయి, ఖాళీ చేయాలని. ఆ గుర్తులు చూసి ఆడవాళ్లు వీధిలోకి వచ్చి ఏడ్చారు. కొందరి దగ్గర రిజిస్ట్రేషను కాగితాలున్నాయి, కరెంటు బిల్లులున్నాయి, ఇంటి పన్ను రశీదులున్నాయి. వాటన్నిటి మీదా సర్కారు ముద్రే ఉంది. నది తన చోటు తనకు ఇవ్వాలని నేనూ నమ్ముతాను. పదిహేను వేల మంది చచ్చిపోయాక నేర్చుకున్న పాఠాన్ని ఇల్లు ముద్దు అని కాదనలేం. కాని గోడ మీద రంగు పూసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈ నగరం దగ్గర నూరేళ్ల కింద కొలిచిన పటం ఉంది. ఆ షీటును ఉర్దూలో, తెలుగులో పేర్లు రాయించి, పెద్దది చేయించి, ఆ బస్తీ నడిబొడ్డున పరవాలి. నది ఎంత వెడల్పుండేదో, ఈ చోటు ఇసుకో తోటో ఇల్లో జనం తమ కళ్లతో చూడాలి. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు ఈ నేలను ప్లాట్లు చేశారో, ఏ కార్యాలయం అనుమతి ఇచ్చిందో, ఏ పెద్ద కట్టడం ఎంత నదిని మింగిందో అదే షీటు మీద ఇంకో రంగుతో గీసి చూపించాలి. పేదవాడి రేకుల ఇల్లూ సర్కారు బస్టాండూ మన్ పటంలో లాగే ఒకే కొలతకు రావాలి. ఖాళీ చేయాల్సినవాళ్లకు వేరే చోట ఇల్లు చూపించి, అక్కడికి బడీ బస్సూ వచ్చాకే తాళం అడగాలి.

ఆ షీట్లను వార్డు ఆఫీసుల్లో గోడలకు తగిలించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వానాకాలం మొదలవకముందే ఆ పని చేయవచ్చు.